లారీ వదిలే తెల్ల పొగ: రంగు ఒకటే, కారణాలు వేరు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున జాతీయ రహదారి పక్కన ఏ దాబా దగ్గర చూసినా ఒకటే దృశ్యం. రాత్రంతా నిలిపి ఉంచిన లారీలు ఒక్కొక్కటిగా స్టార్ట్ అవుతాయి. దాదాపు ప్రతి లారీ సైలెన్సర్ నుంచీ తెల్లటి పొగ వస్తుంది. కాసేపటికి చాలా బళ్లలో అది మాయమవుతుంది. ఏదో ఒక బండిలో మాత్రం ఇంజిన్ వేడెక్కినా పొగ ఆగదు. అక్కడి నుంచి యజమానికి గుబులు మొదలవుతుంది. "హెడ్ గాస్కెట్ పోయినట్టుంది అన్నా, హెడ్ దించాల్సిందే" అని మెకానిక్ అన్నాడంటే బండి కొన్ని రోజులు షెడ్డుకే పరిమితం. కిరాయి ఆగిపోతుంది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

మెకానిక్ మాట నిజం కావచ్చు. కానీ తెల్ల పొగను మాత్రమే చూసి ఆ మాట అనేస్తే అది తొందరపాటే. మామూలు నీటి ఆవిరి, మండకుండా మిగిలిన డీజిల్, సిలిండర్‌లోకి కారిన కూలెంట్... ఈ మూడూ సైలెన్సర్ బయట ఒకే రంగులో కనిపిస్తాయి. మొదటిదాని వల్ల ఏ నష్టమూ లేదు. రెండోది చాలాసార్లు హెడ్ దించకుండానే తీరిపోయే సమస్య. మూడోదాన్ని వదిలేస్తే ఇంజిన్ మొత్తం చేతికి రాకుండా పోతుంది. ఇంతకంటే చిక్కు సంగతి మరొకటి ఉంది. కూలెంట్ సిలిండర్‌లోకి కారుతున్నా పొగ అసలు కనిపించకపోవచ్చు. ఇదెలా సాధ్యమో తెలియాలంటే ముందు డీజిల్ మండితే ఏం వస్తుందో చూడాలి.

లీటరు డీజిల్‌కు లీటరు నీరు

డీజిల్‌లో ప్రధానంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. మండినప్పుడు కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారతాయి. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. అందులో హైడ్రోజన్ వాటా 13 శాతం అనుకుంటే దాదాపు 108 గ్రాములు. ఒక గ్రాము హైడ్రోజన్ మండితే 9 గ్రాముల నీరు తయారవుతుంది. అంటే లీటరు డీజిల్ మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుందన్న మాట. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీ విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా దాదాపు 350 కిలోమీటర్లు వెళ్లేసరికి 85 లీటర్లకు పైగా నీటిని సైలెన్సర్ గుండా గాల్లోకి వదిలేస్తుంది. ఏ లోపమూ లేని ఇంజిన్ చేసే పనే ఇది.

ఆ నీరు మనకు కనబడదు. ఎందుకంటే నీటి ఆవిరికి రంగు లేదు. మరుగుతున్న టీ కెటిల్ మూతిని గమనిస్తే, మూతికి ఆనుకుని వేలెడు మేర ఏమీ కనిపించదు. ఆ తర్వాతే తెల్లటి మబ్బులా లేస్తుంది. మనం ఆవిరి అని పిలిచే ఆ తెల్లదనం నిజానికి ఆవిరి కాదు, చల్లబడి తిరిగి నీరైన సన్నటి తుంపరలు. గాలి ఎంత ఆవిరిని పట్టి ఉంచగలదన్నది ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు మించి మోయలేదు. మే నెలలో విజయవాడలో కనిపించని పొగ, జనవరిలో లంబసింగిలో అదే లారీ నుంచి దట్టంగా కనిపించడానికి కారణం ఇదే. దీనికి తోడు రాత్రంతా చల్లబడిన సైలెన్సర్ లోపలి గోడలకు చేరిన తడి కూడా ఉదయం వేడి తగలగానే బయటికొస్తుంది.

ఈ నీటి తుంపరలు ఎక్కువసేపు బతకవు. చుట్టూ ఉన్న పొడి గాలిలో కలవగానే మళ్లీ ఆవిరైపోతాయి. అందుకే మామూలు నీటి ఆవిరి పొగకు తోక పొట్టిగా ఉంటుంది. సైలెన్సర్ నుంచి కొన్ని మీటర్లు దాటగానే తేలిపోతుంది. మంచు దట్టంగా పట్టిన ఉదయం మాత్రం గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది కాబట్టి ఈ గుర్తును నమ్మడానికి లేదు.

కంటికి ఎందుకు తేడా తెలియదు

పొగ రంగును నిర్ణయించేది అందులోని పదార్థం ఒక్కటే కాదు, తుంపరల పరిమాణం కూడా. తుంపర కాంతి తరంగదైర్ఘ్యంతో సమానంగా గాని అంతకంటే పెద్దదిగా గాని ఉంటే అన్ని రంగుల కాంతినీ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. అన్ని రంగులూ కలిస్తే కంటికి తెలుపే. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తాఫ్ మీ 1908లో ఈ లెక్కను పూర్తిగా సాధించాడు. తుంపరలు అంతకంటే చాలా చిన్నవైతే నీలం కాంతి ఎక్కువగా చెదురుతుంది. ఆకాశం నీలంగా ఉండటానికి లార్డ్ రేలీ చెప్పిన కారణమూ ఇదే తరహాది. ఇంజిన్ ఆయిల్ కాలినప్పుడు వచ్చే పొగ నీలంగా కనిపించేది అందులోని తుంపరలు మరీ సన్నవి కావడం వల్ల. నల్ల పొగది వేరే కథ. అందులోని మసి కాంతిని చెదరగొట్టదు, మింగేస్తుంది.

కాబట్టి నీరైనా, డీజిల్ అయినా, కూలెంట్‌లోని గ్లైకాల్ అయినా ఆ పరిమాణపు తుంపరలుగా మారితే తెల్లగానే కనిపిస్తుంది. కంటికి దొరకని తేడా మరోచోట దొరుకుతుంది. తుంపర ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది ఆ ద్రవాన్ని బట్టి మారుతుంది. 20 డిగ్రీల వద్ద నీటి ఆవిరి పీడనంతో పోలిస్తే ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరి పీడనం సుమారు మూడు వందల రెట్లు తక్కువ. అందువల్ల గ్లైకాల్ తుంపరలు గాల్లో చాలాసేపు వేలాడతాయి. లారీ వెళ్లిపోయాక కూడా రోడ్డు మీద తెల్లటి తెర మిగిలి ఉంటే అది ఒట్టి నీరు కాదనే అనుమానించాలి.

మండని డీజిల్

డీజిల్ తుంపరలు కూడా అలాగే వేలాడతాయి గనుక ఇక్కడ వాసనే ఆధారం. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ 16 నుంచి 18 రెట్లు అణచినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఉదయం ఆ వేడిలో కొంత భాగాన్ని చల్లని ఇనుము లాగేసుకుంటుంది. అంటుకోని డీజిల్ ఆవిరై, సైలెన్సర్ బయట చల్లబడి తెల్లటి మబ్బవుతుంది. కళ్లు మండుతాయి, ఘాటైన డీజిల్ వాసన వస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతే కంగారు అక్కర్లేదు.

వేడెక్కాక కూడా అదే వాసనతో పొగ వస్తూ, ఇంజిన్ ఒక సిలిండర్ మిస్ అవుతున్నట్టు కుదుపుతుంటే ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ సరిగా అంటుకోవడం లేదు. ఇంజెక్టర్ సన్నగా చిమ్మకుండా చుక్కలు కార్చడం, ఇంజెక్షన్ టైమింగ్ వెనకబడటం, రింగులు అరిగి కంప్రెషన్ పడిపోవడం, డీజిల్‌లో నీరు కలవడం... వీటిలో ఏదైనా కావచ్చు. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య మన దేశంలో బీఎస్-6 డీజిల్‌కు కనీసం 51 ఉండాలి. కాబట్టి నమ్మకమైన బంకులో కొట్టించిన డీజిల్‌ను ముందే తప్పుపట్టడం కంటే ఇంజెక్టర్‌ను పరీక్షించడం మేలు.

పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి, ఏ సిలిండర్ దగ్గర ఇంజిన్ శబ్దం మారడం లేదో చూసి తప్పు ఎక్కడుందో పట్టేవారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ పైపుల్లో పీడనం 1600 బార్లు, అంతకు పైన కూడా ఉంటుంది. ఆ వేగంతో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటులా కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స చేయాల్సి రావచ్చు.

లీకు రెండు వైపులా నడుస్తుంది

డీజిల్ మండితే వచ్చే శక్తిలో సుమారు నాలుగో వంతును కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేస్తుంది. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన మిశ్రమం మామూలు వాతావరణ పీడనం వద్ద 107 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతుంది. రేడియేటర్ మూత దాన్ని మరో బారు పీడనంతో బిగించి ఉంచితే 125 డిగ్రీలు దాటితే గాని మరగదు. ఆ మూత చేసే అసలు పని ఇదే. మూతలోని స్ప్రింగు వదులైపోయిన బండి కూడా నీళ్లు పోగొట్టుకుంటుంది. కొన్ని వందల రూపాయల మూత మార్చితే సరిపోయే చోట హెడ్ దించిన సందర్భాలు ఎన్ని ఉంటాయో ఊహించడం కష్టమేమీ కాదు.

కూలెంట్ దారి తప్పే చోట్లు చాలానే ఉన్నాయి. బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే గాస్కెట్ కాలిపోవచ్చు. హెడ్‌లో వాల్వుల మధ్య సన్నటి చీలిక రావచ్చు. ఇంజెక్టర్ కూర్చునే రాగి స్లీవు వదులు కావచ్చు. చాలా లారీ ఇంజిన్లలో సిలిండర్ లైనర్ చుట్టూ నేరుగా కూలెంట్ ఉంటుంది, దానికి చిల్లు పడవచ్చు. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ ఉన్న బళ్లలో అది పగలవచ్చు. అప్పుడు హెడ్ గాస్కెట్ దివ్యంగా ఉన్నా తెల్ల పొగ వస్తూనే ఉంటుంది. కాబట్టి ఈజీఆర్ కూలర్‌ను విడిగా పరీక్షించకుండా హెడ్ జోలికి పోవడం తెలివైన పని కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంధనం మండే క్షణంలో సిలిండర్‌లోని పీడనం నేటి పెద్ద డీజిల్ ఇంజిన్లలో 150 బార్లు దాటుతుంది. కూలెంట్ పీడనం ఒక బారు చిల్లర. అలాంటప్పుడు కూలెంట్ సిలిండర్‌లోకి ఎలా పోగలదు? ఇంజిన్ నడుస్తున్నంతసేపూ చాలావరకు పోదు. నిజానికి లీకు ఎదురు దిక్కున నడుస్తుంది. మండిన వాయువులే చీలిక గుండా కూలెంట్‌లోకి చొరబడతాయి. రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే, ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతుంది. కూలెంట్ ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి బయటికి తన్నుకొస్తుంది.

ఇంజిన్ ఆపగానే సీను మారుతుంది. సిలిండర్ పీడనం మామూలు స్థాయికి పడిపోతుంది. వేడి కూలెంట్‌లో మాత్రం పీడనం చాలాసేపు మిగిలి ఉంటుంది. ఇప్పుడు అదే చీలిక గుండా కూలెంట్ చుక్కలు చుక్కలుగా సిలిండర్‌లోకి జారి పిస్టన్ మీద చేరుతుంది. మర్నాడు ఉదయం స్టార్ట్ చేస్తే ఆ సిలిండర్ కాసేపు మిస్ అవుతుంది, దట్టమైన తెల్ల మబ్బు వస్తుంది, ఆ నీరు ఖర్చయ్యాక తగ్గిపోతుంది. చలికాలపు మామూలు పొగ కూడా సరిగ్గా ఇలాగే ఉదయం వచ్చి తగ్గుతుంది. అసలు తికమక ఇక్కడే.

పొగ లేకున్నా లీకు ఉండొచ్చు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ పైన చెప్పిన మైలేజీ లెక్కన గంటకు 15 లీటర్ల డీజిల్ కాలుస్తుంది. అంటే గంటకు ఇంచుమించు 15 లీటర్ల నీటిని ఆవిరిగా వదులుతుంది. దీనికి గంటకు అర లీటరు కూలెంట్ తోడైతే ఆవిరి పెరిగేది 3 శాతం. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తేడాను ఏ కన్నూ పట్టలేదు. కానీ పది గంటల ప్రయాణంలో అయిదు లీటర్ల కూలెంట్ పోయినట్టే. అదే లారీ చల్లటి ఉదయం ఐడిల్‌లో ఉన్నప్పుడు కాలే డీజిల్ చాలా తక్కువ. అప్పుడు సిలిండర్‌లో చేరిన కొద్దిపాటి కూలెంట్ కూడా పెద్ద వాటా అవుతుంది. పైగా ఆ సిలిండర్‌ను చల్లార్చి డీజిల్‌ను సరిగా మండనివ్వదు. అందుకే పొగ అంత దట్టంగా వస్తుంది.

తీపి వాసనను కూడా పూర్తిగా నమ్మలేం. గ్లైకాల్ పొగకు తియ్యటి వాసన ఉంటుందన్నది నిజమే. అయితే బాగా మండుతున్న సిలిండర్‌లో గ్లైకాల్‌లో కొంత కాలిపోతుంది. కూలెంట్ బదులు బోరింగు నీళ్లతో నడిచే పాత లారీల్లో ఆ వాసనకు అవకాశమే లేదు. బీఎస్-6 లారీల్లో మరో సంగతి ఉంది. పొగ గొట్టంలోని మసి వడపోత తనను తాను శుభ్రం చేసుకునేందుకు 600 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు, అక్కడ పేరుకున్న తడి, డీజిల్ తెల్లగా బయటికి రావచ్చు. అది కాసేపే ఉంటుంది.

ఇన్ని మినహాయింపుల మధ్య అబద్ధమాడని సాక్షి ఒక్కటే, కూలెంట్ మట్టం. బండి చదునైన నేల మీద ఉండగా, ఉదయం స్టార్ట్ చేయకముందు, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి, వరసగా అయిదారు రోజులు అదే వేళకు చూడాలి. ఎన్ని లీటర్లు కలిపారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి పెట్టుకోవాలి. మట్టం కదలకపోతే ఎంత తెల్ల పొగ వచ్చినా అది కూలెంట్ లీకు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. మట్టం తగ్గుతుంటే పొగ కనిపించకపోయినా వెతకాల్సిందే. దీనికి ఖర్చేమీ లేదు. బహుశా అందుకే దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మట్టం తగ్గుతోందని తేలాక ముందు బయటి లీకుల సంగతి చూడాలి. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, హోస్ క్లిప్పులు, రేడియేటర్ అంచులు వరసగా పరిశీలించాలి. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేలకు చేరకముందే ఆవిరైపోతుంది కాబట్టి కింద తడి లేదని వదిలేయకూడదు. ఎండిన చోట కూలెంట్ రంగులో పొడిలాంటి మరక మిగులుతుంది. ఆ మరకే ఆధారం.

హెడ్ దించక ముందు చేయాల్సినవి

చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత స్థానంలో గేజీ ఉన్న చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం వరకు గాలి కొడతారు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగినా ముల్లు కదలకపోతే మంచిదే. ముల్లు దిగుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే కూలెంట్ లోపలికే పోతోంది. ఆ లోపల ఎక్కడికి పోతోందన్నది తర్వాతి ప్రశ్న.

ఆయిల్ సంపులోకి పోతుంటే తెలుసుకునేందుకు పాత పద్ధతి ఒకటి ఉంది. అందులో ఉన్నది హైస్కూలు భౌతిక శాస్త్రమే. కూలెంట్ ఆయిల్ కంటే బరువైనది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచితే, ఆయిల్‌తో ఇంకా చిలకబడని కూలెంట్ సంపు అడుక్కు దిగుతుంది. ఉదయం స్టార్ట్ చేయకుండా సంపు బోల్టును మెల్లగా వదులు చేస్తే ముందు ఏది వస్తుందో చూడాలి. నీళ్లు వస్తే అనుమానం తీరినట్టే. ఇంజిన్ నడిచి రెండూ బాగా కలిసిపోయి ఉంటే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లటి జిగట కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. చలికాలంలో కొద్ది దూరాలు తిరిగే బళ్లలో గాలిలోని తేమ అక్కడ చేరుతుంది.

మండిన వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నాయా లేదా తేల్చడానికి ఒక రసాయన పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి, అందులో బ్రోమోథైమాల్ బ్లూ లాంటి నీలి ద్రవం పోస్తారు. కూలెంట్ పైన ఉన్న గాలిని రబ్బరు బుడ్డితో ఆ ద్రవం గుండా లాగుతారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే అది నీటిలో కరిగి ఆమ్లంగా మారి, నీలి రంగును ఆకుపచ్చకో పసుపుకో తిప్పుతుంది. డీజిల్ ఇంజిన్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఐడిల్‌లో అది అవసరానికి మించి గాలి పీలుస్తుంది కాబట్టి దాని పొగలో కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. ఐడిల్‌లో రంగు మారలేదని గాస్కెట్‌కు యోగ్యతాపత్రం ఇవ్వలేం. ఇంజిన్ మీద భారం పడ్డాక మళ్లీ చూడాలి.

లారీల విషయంలో ఈ పరీక్షకు మరో ముఖ్యమైన ఉపయోగం ఉంది. కార్లు బాగుచేసి అలవాటైన వాళ్లకు ఇది తట్టకపోవచ్చు. లారీకి ఎయిర్ బ్రేకులుంటాయి. వాటికి గాలి నింపే కంప్రెసర్‌ను చాలా ఇంజిన్లలో అదే కూలెంట్ చల్లబరుస్తుంది. ఆ కంప్రెసర్ హెడ్ చీలితే బ్రేకుల గాలి కూలెంట్‌లోకి పోతుంది. రేడియేటర్‌లో అచ్చం హెడ్ గాస్కెట్ పోయినట్టే బుడగలు లేస్తాయి, నీళ్లు బయటికి తన్నుకొస్తాయి. కానీ అది మామూలు గాలి, నీలి ద్రవం రంగు మార్చదు. బండి నిలిపి ఉన్నప్పుడు కంప్రెసర్‌కు వెళ్లే కూలెంట్ గొట్టాలను తప్పించి చూస్తే బుడగలు ఆగిపోతాయి. ఈ పదినిమిషాల పనికి బద్ధకించి పెద్ద ఇంజిన్ హెడ్ దించి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించాక మళ్లీ బుడగలు కనిపిస్తే ఆ షెడ్డులో వాతావరణం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

టీ కప్పంత నీరు చాలు

లీకు ఖాయమని తేలాక కూడా "ఈ ట్రిప్పు కొట్టుకొచ్చాక చూద్దాం" అనుకోవడం మామూలే. దీనిలోని ప్రమాదం ఎంతో ఒక లెక్క చెబుతుంది. ఆరు సిలిండర్లున్న 5.9 లీటర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ పరిమాణం దాదాపు 980 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి 17 అయితే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ అందులో పదహారో వంతు, సుమారు 61 మిల్లీలీటర్లు. అంటే చిన్న టీ కప్పంత. రాత్రికి రాత్రి అంతకు మించి కూలెంట్ సిలిండర్‌లో చేరితే, వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ పైకి వస్తున్నప్పుడు దానికి పోయే దారి ఉండదు. గాలి అణగుతుంది, నీరు అణగదు. ఇంజిన్ ఢక్కున ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కూలెంట్ పోగొట్టుకునే బండి ఉదయం సెల్ఫ్ కొడితే కదలకుండా బిగుసుకుపోయినట్టుంటే బ్యాటరీని అనుమానించి మళ్లీ మళ్లీ కొట్టడం, మరో బండితో లాగించి స్టార్ట్ చేయడం ఇంజిన్‌ను చేజేతులా విరగ్గొట్టుకోవడమే. ఇంజెక్టర్లు తీసి, ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసుకుని ఇంజిన్‌ను మెల్లగా తిప్పితే చేరిన నీరు బయటికి చిమ్ముతుంది. ఏ సిలిండర్‌లో లీకు ఉందో కూడా అదే చెప్పేస్తుంది.

కూలెంట్ ఆయిల్‌లోకి పోతే నష్టం మరోలా ఉంటుంది. బేరింగుకూ క్రాంక్ షాఫ్టుకూ మధ్య కొన్ని మైక్రాన్ల మందం ఉన్న ఆయిల్ పొర మీదే ఇంజిన్ భారమంతా నిలుస్తుంది. నీరు కలిసిన ఆయిల్ ఆ పొరను నిలబెట్టలేదు.

ఇక మనిషికి ప్రత్యక్ష ప్రమాదం రేడియేటర్ మూత దగ్గర ఉంది. 115 డిగ్రీల వద్ద పీడనంలో ఉన్న 20 లీటర్ల నీటి మీది మూత ఒక్కసారిగా తీస్తే, అందులో దాదాపు 3 శాతం తక్షణం ఆవిరవుతుంది. బరువులో అది అర కిలో పైచిలుకే. ఆవిరిగా మారాక దాని ఘనపరిమాణం 900 లీటర్లు దాటుతుంది. మిగిలిన మరిగే నీటిని వెంటబెట్టుకుని ఆ ఆవిరి మూత తిప్పిన మనిషి ముఖం మీదికే వస్తుంది. పైన తడిగుడ్డ వేసి మెల్లగా తిప్పితే ఏమీ కాదన్న నమ్మకం చాలామంది చేతులు కాల్చింది. హోస్ పైపును చేత్తో నొక్కగలిగేంత చల్లబడేదాకా మూతను ముట్టకూడదు. కాలిపోతున్న ఇంజిన్‌లో ఒక్కసారిగా చన్నీళ్లు పోయడమూ తప్పే. పోత ఇనుము ఒకవైపు కుంచించుకుని మరోవైపు వేడిగా ఉండిపోతే హెడ్ పగులుతుంది. గాస్కెట్‌తో పోయేది హెడ్ దాకా వస్తుంది.

టెంపరేచర్ గేజీ మామూలుగానే ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరైన లెక్క చెబుతుంది. మట్టం బాగా పడిపోయి సెన్సర్ ఖాళీలో మిగిలితే ముల్లు పెరగాల్సింది పోయి దిగిపోవచ్చు.

చిల్లు పెట్టే బుడగలు

రిపేరు అయ్యాక మిగిలే ప్రశ్న, అసలు లీకు ఎందుకు వచ్చింది? గాస్కెట్ కాలడానికి ముందు ఒకసారైనా ఇంజిన్ విపరీతంగా వేడెక్కి ఉండటం, హెడ్ వంగటం సాధారణ కారణాలు. లైనర్‌కు చిల్లు పడటం మాత్రం విచిత్రమైన వ్యవహారం. పిస్టన్ పక్కలకు కొట్టే ప్రతి దెబ్బకూ లైనర్ గంటలా కంపిస్తుంది. గోడ వెనక్కి తగ్గిన క్షణంలో దాన్ని ఆనుకుని ఉన్న కూలెంట్‌లో పీడనం పడిపోయి సన్నటి ఆవిరి బుడగలు పుడతాయి. గోడ ముందుకు రాగానే అవి కుప్పకూలిపోతాయి. కూలేటప్పుడు ఒక్క బిందువు వద్ద పుట్టే పీడనం ఇనుమును కొరికేంత. ఓడల ప్రొపెల్లర్లు ఇలాగే గుంటలు పడుతున్నాయన్న సమస్య మీద, బుడగ కూలినప్పుడు ఎంత పీడనం పుడుతుందో 1917లో లెక్క కట్టింది పైన ఆకాశం నీలిమ గురించి చెప్పుకున్న ఆ లార్డ్ రేలీయే. లారీ లైనర్ మీద లక్షల కిలోమీటర్ల పాటు ఇదే జరిగితే గుండుసూది మొనంత చిల్లు అవతలి వైపుకు తేలుతుంది.

డీజిల్ ఇంజిన్ల కోసం తయారుచేసిన కూలెంట్‌లో కలిపే రసాయనాలు లైనర్ మీద పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. బుడగలు దాన్ని కొరికినా అది మళ్లీ ఏర్పడుతూ ఉంటుంది. బోరింగు నీళ్లలో ఆ రసాయనాలు లేవు సరికదా, కాల్షియం లవణాలు గోడల మీద పెచ్చులు కట్టి వేడిని బయటికి పోనివ్వవు. దక్షిణాదిలో గడ్డకట్టే చలి లేదు గనుక కూలెంట్ ఎందుకన్న వాదన తరచూ వినిపిస్తుంది. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ పనుల్లో ఒకటి మాత్రమే. మన రోడ్ల మీద మిగతావే ఎక్కువ అక్కరకొస్తాయి.

పాత కూలెంట్‌ను తీసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మూత్రపిండాల్లో పేరుకుంటుంది. పారుతున్నది కూలెంటో కాదో నాలుక మీద వేసుకుని చూడటం, నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో దాన్ని నిల్వ చేయడం చేయకూడని పనులు. షెడ్డు ముందు నేల మీద వదిలేస్తే ఆ తీపికి కుక్కలు నాకుతాయి. పిల్లలు పొరపాటున తాగితే వాంతి అయ్యేదాకా ఎదురుచూడకుండా, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తొలి గంటల్లో చికిత్స అందితే విరుగుడు మందు పనిచేస్తుంది.